వెనకాల వస్తున్న నాన్నగారు

మా వంశంలో యుద్ధాల్లో పోయినవారున్నారు, వ్యాజ్యాల్లో పోయినవారున్నారు. కన్నతండ్రిని ఒక పొట్లం పొడితో చంపినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆయన ఆ తర్వాత చాలాకాలం బతికారు, అది వేరే సంగతి. భయమేసేవాళ్ళు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి.

జమీందారీలు రద్దయిన కొత్తలో మాట. చోడవరంలో మాకు మిగిలినవి చూరు కారే మేడ, తాతగారి మల్లు లాల్చీ, నా మీసం. వడ్డాదిలో చెరకు తోటలున్న ఒకాయన పిల్లనిస్తానన్నాడు. ఆ సంబంధం తప్పితే మేడ కూడా మిగలదు. పెళ్ళిచూపులకు తాతగారి లాల్చీయే వేసుకోవాలని నాన్నగారి ఆజ్ఞ. అది ఎంత పల్చనంటే, మడత పెట్టినా అవతల పంచాంగం చదువుకోవచ్చు. నా ఒళ్ళు చూస్తే ఎలుగుబంటి కూడా అన్నయ్యా అని పలకరిస్తుంది. అది తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, దోమతెర కట్టిన కంబళిలా కనిపించాను.

మంగలిని పిలిస్తే సరిపోయేది. కానీ బాబుగారు ఒళ్ళంతా గొరిగించుకున్నారని సంతలో చెప్పుకోరూ? అనకాపల్లి నుంచి వెంట్రుకలు రాల్చే పొడి రహస్యంగా తెప్పించి, సాయంత్రం తాతగారి పాత గదిలో దూరాను. ముద్ద కలిపి ఛాతీకీ చంకలకీ పట్టించాను. ఎలాగూ మొదలుపెట్టాం కదా అని, పుస్తకాల్లో రాయకూడని చోట్లకీ పట్టించాను.

కాసేపటికి గదంతా కాష్ఠం వాసన. తలుపు అవతల అమ్మ అడుగులు ఆగిపోయాయి. "మావయ్యగారి గదిలో ఏటో కాలుతన్న వాసన. ఆయనింకా ఇక్కడే తిరుగుతన్నారేటో" అని గొణుక్కుంటూ దీపం తేవడానికి వెళ్ళింది. కాలుతున్నది మావయ్యగారు కాదు, ఆయన మనవడు.

మంట రాయకూడని చోటే మొదలైంది. అరవడానికి పరువు అడ్డం. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను, తర్వాత తల పట్టుకున్నాను. చేతులకు ముద్ద ఉందని గుర్తొచ్చేసరికి సగం మీసం చచ్చిన గొంగళిపురుగులా అరచేతిలోకి వచ్చేసింది. నెత్తి మీద జుట్టు పాయలుగా జారింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు గుండెకు మందేస్తే ఉన్న మీసం ఊడింది. మిగిలినదంతా తాతగారి కత్తితో నున్నగా గీసేశాను. అద్దంలోంచి నాకు తెలియనివాడెవడో నన్ను చూశాడు.

తెల్లవారి మంచు. అద్దె ఎడ్లబండి ఎక్కనని భీష్మించి, తలా మూతీ కలిపి శాలువా చుట్టుకుని సైకిలు మీద ముందు బయల్దేరాను. వారం రోజులు జ్వరపడి లేచిన నాన్నగారు బండిలో వెనక. నా అవతారం ఆయన చూడలేదు. సీటు మీద కూర్చోలేక నిలబడే తొక్కాను. చెరకు తోటల మధ్య ఎదురొచ్చిన రైతు, మంచులో తేలివస్తున్న ముఖం లేని తెల్లటి ఆకారాన్ని చూసి, తోటలోకి దిగిపోయాడు.

వడ్డాదిలో పిల్ల తండ్రీ, నాయనమ్మా గుమ్మంలోకి వచ్చారు. మర్యాదకని శాలువా తీశాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాఫీ తెచ్చినామె నన్ను చూసి అలాగే వెనక్కి పట్టుకుపోయింది.

నున్నటి గుండు, మీసం లేని మూతి, తెల్లబట్టలు. మన వైపు మగవాడు ఇలా కనిపిస్తే ఎవరు పోయినట్టో మీకు తెలుసు. నాకూ తెలుసు, కానీ మంటలో ఉన్నవాడికి ఆచారం గుర్తుకురాదు. నాన్నగారి జ్వరం కబురు వాళ్ళకు ముందే అందింది. కుర్చీ చూపించారు. కూర్చోగానే కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"ఊరుకో బాబూ," అంది నాయనమ్మ. "ఏడాది తిరిగితే గానీ మీ ఇంట పెళ్ళి మాట కూడదు. అందాకా మా గుంట పెళ్ళి ఆపలేం."

సంబంధం పోయిందని తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు. ముసలావిడ బుర్ర చెడిందనుకున్నాను.

పిల్ల తండ్రి గొంతు తగ్గించి అడిగాడు. "పెదబాబుగోరు ఆకర్న ఏటైనా సెప్పేరా?"

"చెప్పారు. నువ్వు ముందెళ్ళు, నీ వెనకాలే నేనొస్తాను అన్నారు."

ఆయన నా వెనకాల మంచులోకి చూశాడు. సరిగ్గా అప్పుడే మంచులో గంటలు మోగాయి. బండి ఆగింది. పాలిపోయిన ముఖంతో, తెల్లటి పంచెతో నాన్నగారు దిగి దగ్గారు. ఒక్క క్షణంలో వాకిలి ఖాళీ, తలుపు గడియ. పరిగెత్తలేని నాయనమ్మ ఒక్కతే మిగిలింది.

"కాళ్ళు సూపించు బాబూ. ముందుకున్నాయో, ఎనక్కున్నాయో."

కలెక్టరు ముందు కూడా తల వంచని మా నాన్నగారు వంగి పంచె ఎత్తారు. వంగినవారు వంగినట్టే నన్ను చూశారు. ముఖంలో ఉన్న కాస్త రక్తమూ పోయింది.

"ఎవరు పోయారురా?"

తలుపు వెనక నుంచి పిల్ల తండ్రి వినయంగా జవాబిచ్చాడు.

"తమరేనండి."

ఆ తలుపు వెనకే ఒక ఆడపిల్ల నవ్వింది. నా మీసం మొలిచాక ఆ నవ్వు మా మేడకొచ్చింది. ఇప్పటికీ పొయ్యిలో కొబ్బరిపీచు కాలితే చాలు, "మావయ్యగారు వస్తన్నట్టున్నారు, సూడండి" అంటుంది.

కాబట్టి తాతగారి కత్తి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఊళ్ళు ప్రభుత్వం తీసుకుంది, తోటలు వ్యాజ్యాలు తీసుకున్నాయి. మా వంశంలో తరతరాలుగా వస్తూ ఇంకా నా పేరున మిగిలిన ఆస్తి నా ఒంటి మీదున్న అడవి ఒక్కటే. రాయదగిన చోటైనా, రాయకూడని చోటైనా, అందులో ఒక్క వెంట్రుక కూడా ఇక వదులుకోను.