భాస్వరానికి రెక్కలు లేవు

మా కెమిస్ట్రీ మేడం గారు పోయారు. కాలువలకు నీళ్ళు కట్టేసి, అడుగున బురద బీటలు వారి, ఊరంతా మంచినీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూసే మే నెలలో ఒక ఉదయం బాబాయ్ గారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ మేడం ఎంత పిలిచినా లేవట్లేదమ్మా" అన్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. వెళ్ళేసరికే అయిపోయింది. నిద్రలోనే వెళ్ళిపోయారు. మంచం పక్కన కుర్చీలో కళ్ళజోడు, మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు ఎప్పటిలాగే ఉన్నాయి.

బాబాయ్ గారంటే మేడం గారి భర్త. నాకు వరుసకు ఏమీ కారు. వాళ్ళింటికి రెండు వీధుల అవతల కాపురం ఉంటూ, హైస్కూల్లో సైన్సు చెప్పుకుంటూ, వారంలో సగం రోజులు వాళ్ళ వంటింట్లో కాఫీ తాగే మనిషిని కనుక అలా పిలవడం అలవాటైపోయింది. ఆయన వ్యవసాయదారు. ఆవిడ పెనుగొండ దగ్గర ఆడపిల్లల జూనియర్ కాలేజీలో రిటైరయ్యేదాకా రసాయనశాస్త్రం చెప్పారు.

ఆ సాయంత్రానికి మా పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపు 'తీరని లోటు'లతో నిండిపోయింది. చదువుతుంటే ఏడుపులోనూ నవ్వొచ్చింది. ఆవిడే గనక చూసి ఉంటే ఊరుకునేవారు కారు. "లోటంటే ఏంటి? ఒకచోట తగ్గిందంటే ఇంకోచోట పెరిగి ఉండాలి కదా. ఆ రెండో వైపు కూడా రాయండి" అనేవారు. ఏ సమీకరణం దగ్గరైనా ఆవిడ మాట అదే.

నేను మొదటిసారి ఆవిడ చేత చీవాట్లు తిన్నది కూడా ఇలాంటి విషయంలోనే. పర్యావరణ రసాయనం పాఠంలో నీటి చక్రం బొమ్మ వేయమన్నారు. సముద్రం, మబ్బు, కొండ, నది, చుట్టూ నీలం స్కెచ్ పెన్నుతో బాణాలు వేసి, అందరికంటే నాదే బాగుందని మురిసిపోతూ చూపించాను. సముద్రం నుంచి మబ్బుకి వెళ్ళే బాణం మీద వేలు పెట్టి, "ఇక్కడ ఉప్పు ఏమైంది?" అని అడిగారు. నాకు తెలియలేదు. "బాణం గీస్తే సరిపోదమ్మాయ్, దాని వెంట వెళ్ళాలి" అన్నారు. ఆ మాట తర్వాత వెయ్యిసార్లు విన్నాను. ఇప్పుడు బడిలో నా పిల్లలకు నేనూ అంటాను, ఆవిడంత నెమ్మదిగా అనలేను కానీ.

వెంట వెళ్ళడమంటే ఆవిడకు ఉత్తమాట కాదు. నిజంగానే నడిపించేవారు. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లడం మా వైపు అలవాటు కదా. కోతలయ్యాక మినుము మొక్కలు జానెడు లేచిన రోజుల్లో మమ్మల్ని బాబాయ్ గారి చేనుకి పంపి, వేళ్ళతో సహా మొక్కలు తెమ్మన్నారు. తెచ్చాం. తెచ్చినవాళ్ళం ఊరుకోకుండా, మేడం మెచ్చుకుంటారని ల్యాబ్ కుళాయి కింద పెట్టి, పెళ్ళిచూపులకు తయారు చేసినట్టు రుద్ది రుద్ది కడిగాం. వేళ్ళకు ఏవో బుడిపెలు కనబడితే పురుగు గుడ్లనుకున్నాం. శుభ్రం తెలిసిన ఆడపిల్లలం కనుక గోళ్ళతో గీకి పారేశాం కూడా.

ఆవిడ వచ్చి తెల్లగా మెరిసిపోతున్న ఆ వేళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూశారు. తర్వాత చాలా శాంతంగా, "గాలిలో ఉన్న నత్రజనిని పట్టి చేనుకి అన్నం వండిపెట్టే వంటవాళ్ళని అందర్నీ కలిపి తూములోకి తోసేశారన్నమాట. సరే, మళ్ళీ వెళ్ళండి. ఈసారి బురదతో సహా తెండి" అన్నారు.

గట్టు మీద బాబాయ్ గారు ఎదురొచ్చి, "మళ్ళీ ఏంటమ్మా? ఇందాకేగా పీక్కెళ్ళారు. మీ మేడానికి మినుములు కావాలంటే బస్తా ఇస్తానని చెప్పండి" అన్నారు. ఆ రెండోసారి తెచ్చిన బుడిపెను ఆవిడ గోటితో చీల్చి చూపించారు. లోపల లేత ఎరుపు. ఎరుపుంటే పని చేస్తున్నట్టని చెప్పారు. చుట్టూ ఉన్న గాలిలో ముప్పాతిక పైగా నత్రజనే అయినా, వరి దాన్ని నేరుగా తినలేక ఆకలితో నిలబడి ఉంటుందని, ఈ చిన్న బుడిపెల్లో కాపురమున్న సూక్ష్మజీవులు దాన్ని మట్టికి అందిస్తాయని ఆ రోజు తెలిసింది. పుస్తకంలో అది ఒక బాణం మాత్రమే.

వాళ్ళిద్దరి సంసారంలోనూ ఈ పాఠాలు నడుస్తూనే ఉండేవి. ఒక ఏడు వానాకాలపు సార్వా పంటకు బాబాయ్ గారు యూరియా చల్లిస్తుంటే ఆవిడ ఆకాశం వంక చూసి, "ఏవండీ, మబ్బు పట్టింది. రేపు చల్లించకూడదా?" అన్నారట. కూలీలు వచ్చేశారని ఆయన వినలేదు. సాయంత్రం కుండపోత, చల్లిందంతా మురుగుకాలువ పాలు. కొన్నాళ్ళకు మురుగుకాలువ నిండా గుర్రపుడెక్క ఊదారంగు పూలతో విరగబూస్తే, ఆవిడ ఆయన్ని చెయ్యి పట్టుకుని వంతెన మీదికి తీసుకెళ్ళి, "మీ పంట చూసుకోండి, ఎంత ఏపుగా ఉందో" అన్నారట. ఈ కథ నాకు చెప్పింది ఆవిడ కాదు, ఆయనే. చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు.

ఆవిడకున్న అలవాట్లలో చూసేవాళ్ళకి వింతగా తోచేది ఒకటుంది. ఇంట్లో చేపల కూర వండిన రోజు తిన్నాక ముళ్ళన్నీ ఒక పళ్ళెంలోకి చేర్చి, పెరట్లో నిమ్మచెట్టు దగ్గరకు తీసుకెళ్ళి, చిన్న పారతో గొయ్యి తీసి పూడ్చేవారు. పిల్లుల బాధ లేకుండా పైన రాయి పెట్టేవారు. ఆ ముళ్ళు కూడా ఎక్కువభాగం ఆవిడ తీసినవే. బాబాయ్ గారికి చేపంటే ప్రాణం, ముల్లంటే భయం. చిన్నప్పుడోసారి గొంతులో గుచ్చుకుందట. అందుకని ఆవిడే ముక్క విడదీసి, ముళ్ళు ఏరి, మెత్తటి కండ ఆయన కంచంలో పెట్టేవారు. ఆయన పసిపిల్లాడిలా ఎదురుచూస్తూ కూర్చునేవారు.

పోయినేడు అలాంటి ఒక భోజనం తర్వాత, నేను పెరట్లో నిలబడి ఉండగా, ఆవిడ మట్టి కప్పుతూ ఈ మాటలన్నారు.

"నీళ్ళు ఆవిరై మబ్బై తిరిగొస్తాయి. కార్బన్ మన ఊపిరిలోంచి పోయి ఆకులోకి వస్తుంది. నత్రజనికీ రెక్కలున్నాయి. భాస్వరానికే రెక్కలు లేవమ్మాయ్, పాపం. రాతిలోంచి మట్టిలోకి, మట్టిలోంచి గింజలోకి, గింజలోంచి మన ఎముకల్లోకి నడుచుకుంటూ రావాలి. ఏటిలో పడి సముద్రానికి పోయిందా, అడుగున కూర్చుండిపోతుంది. ఆ అడుగు కొండై పైకి లేచేదాకా మళ్ళీ ఇటు రాదు. ఎక్కడో కొండలు తవ్వి ఓడల మీద తెచ్చి చేలో వేసుకుంటాం, మళ్ళీ దాన్నే గోదాట్లోకి వదిలేస్తాం."

తర్వాత చెయ్యి దులుపుకుని, అరుగు మీద వక్కపొడి నములుతున్న ఆయనకు వినబడేలా అన్నారు. "నా ఎముకలు మాత్రం గోదాట్లో కలపకండి. ఈ నిమ్మచెట్టు కింద వెయ్యండి. ఇన్నేళ్ళు ఈ మట్టిది తిన్నాను. ఈయన మర్చిపోతారు. నువ్వు గుర్తు చెయ్యాలి."

"అన్నం తిని ఆ మాటలేంటి, ఊరుకో" అని ఆయన కసురుకున్నారు. నేను నవ్వేసి, సరేనండి అన్నాను. ఆ సరే నన్ను ఇంత త్వరగా వెతుక్కుంటూ వస్తుందని ఎవరనుకున్నారు.

దహనం అయిన మూడో రోజు అస్థికలు తెచ్చి, కుండకు తెల్లటి గుడ్డ కట్టి, వసారాలో దూలానికి వేలాడదీశారు. మర్నాడు పొద్దున్నే గోదావరి ఒడ్డున సిద్ధాంతం ఊరి రేవుకి వెళ్ళాలని పురోహితుడు చెప్పి వెళ్ళాడు. చుట్టాలు పడకలు సర్దుకున్నాక నేను బాబాయ్ గారి పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, తెలిసినట్టే మొదలుపెట్టాను.

"మేడం గారు ఒక మాట చెప్పారు కదండి."

"గుర్తుందమ్మా. మర్చిపోతానని ఆవిడనుకుంది. మర్చిపోలేదు."

"మరి?"

ఆయన కుండ వంక చూస్తూ అన్నారు. "మా నాన్న ఆ రేవులోనే కలిశాడు. మా అమ్మా అక్కడే. రేపు నేను పోయినా మావాళ్ళు నన్ను అక్కడికే తీసుకెళ్తారు, ఇంకోలా చెయ్యనివ్వరు. ఆవిడొక్కతీ నిమ్మచెట్టు కింద ఉండిపోతే, నేనెక్కడని వెతుక్కోవాలమ్మా?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ తన కోసమంటూ ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, అడిగిన ఒక్కటీ చెయ్యలేరా అని. ఆ ముసలాయన కళ్ళల్లోకి చూస్తూ ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఇద్దరిదీ న్యాయమే అయినప్పుడు ఏం చెయ్యాలో మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

కాసేపటికి ఆయనే అడిగారు. "మీ మేడం దగ్గర చదువుకున్నావు, పిల్లలకి చెబుతున్నావు. నిజం చెప్పమ్మా, నన్ను ఓదార్చడానికి చెప్పకు. సముద్రంలో కలిసింది మళ్ళీ ఇటు రానే రాదా?"

ఆ క్షణంలో పుస్తకంలోని భాస్వర చక్రం బొమ్మ కళ్ళ ముందుకొచ్చింది. భూమి నుంచి సముద్రానికి వెళ్ళేది లావుపాటి బాణం. వెనక్కొచ్చేది వెంట్రుకంత. పరీక్షల్లో దాన్ని గీయకపోయినా మార్కులు పోవు.

"వస్తుందండి, చాలా కొంచెం. సముద్రం మీద చేపలు తినే పక్షులు ఒడ్డున రెట్ట వేస్తే వస్తుంది. సముద్రంలో మేసి పెరిగిన చేప ఏదైనా ఏటికి ఎదురెక్కితే దాని ఒంట్లో కొంత వస్తుంది. కానీ పోయేదానితో చూస్తే అది ఒక లెక్కలోకి రాదండి."

ఆయన తలెత్తారు. "ఎదురెక్కే చేపంటే పులసే కదమ్మా."

నాకు తట్టనే లేదు. ఇన్నేళ్ళుగా ఆ సన్నబాణం మీద 'చేపలు' అని బోర్డు మీద రాస్తున్నాను. అది ఏ చేపో ఎప్పుడూ అనుకోలేదు. సముద్రంలో ఉన్నంతకాలం విలస అని పిలిచి, వరదకు ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస అని మేం నెత్తిన పెట్టుకునే చేప, గుడ్లు పెట్టడానికి ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది. సిద్ధాంతం రేవు దాని దారిలోనే ఉంది.

"అవునండి, పులసే" అన్నాను.

"కొంచెమైనా చాలులే" అన్నారాయన.

మర్నాడు రేవులో నీళ్ళు బాగా లోపలికి పోయి ఉన్నాయి. ఇసుకలో చాలా దూరం నడిచాం. ఆయన మొలలోతు నీళ్ళలో నిలబడి కుండ వంచారు. తెల్లటి ముక్కలు కొన్ని వెంటనే మునిగాయి, బూడిద మాత్రం తేలుతూ నరసాపురం వైపు, సముద్రం దిక్కుగా సాగింది. నేను ఒడ్డున నిలబడి ఏడ్చాను. ఆవిడ పోయినందుకు కొంత, నేనన్న సరే నిలబడనందుకు కొంత. ఆయన మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. అబద్ధం చెబితే ఆవిడకు నచ్చదు.

తర్వాత కాలువలకు నీళ్ళు వదిలారు, నారుమళ్ళు పోశారు. గోదావరికి వరదతో ఎర్రనీరు వచ్చింది. ఒకరోజు బాబాయ్ గారు పొద్దున్నే బస్సెక్కి రేవుకి వెళ్ళి, పడవ దిగిన పులసను తెచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. "రాత్రి గాలంలో పడ్డదో, వలలో పడ్డదో అడగలేదమ్మా. సముద్రం నుంచి వచ్చిందేనా అని మాత్రం అడిగాను. 'ఆయ్, ఇంకెక్కణ్ణుంచి వత్తాదండి' అని పడవవాడు నవ్వాడు" అన్నారు.

మేడం గారి మట్టిదాకలోనే, వాళ్ళ వంటింట్లోనే పులుసు పెట్టాను. పులస పులుసు మర్నాటికి గానీ రుచి తేలదు కనుక మర్నాడు వడ్డించాను. పులసకు ఒళ్ళంతా ముళ్ళే, వెంట్రుకల్లాంటివి. నేను ముక్క విడదీయబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

"నేను తీసుకుంటానమ్మా."

అన్నం చల్లారిపోయింది. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, ఒక్కొక్క ముల్లూ వేళ్ళతో తడిమి, పట్టుకుని, కంచం అంచున వరసగా పెట్టుకుంటూ చాలాసేపు తిన్నారు. తినడం అయ్యాక ముళ్ళన్నీ పళ్ళెంలోకి చేర్చుకుని లేచి, ఎంగిలి చేత్తోనే పెరట్లోకి నడిచారు. చిన్న పార ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు, నేను తీసిచ్చాను. నిమ్మచెట్టు మొదట్లో గొయ్యి తీసి, ముళ్ళు వేసి, మట్టి కప్పి, ఆవిడ వాడే రాయినే దాని మీదికి జరిపారు. ఆయన చేతికి పోద్దామని నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. ఆయన పక్కకు జరగలేదు. చెయ్యి ఆ మట్టి మీదే చాచి, అక్కడే కడుక్కున్నారు.