చెరువు గట్టు మీద మడత కీబోర్డు

థైరాయిడ్ ఆపరేషన్ అయి మత్తు వదిలాక మా ఆవిడను నేను అడగాలనుకున్న మొదటి మాట "అన్నం తిన్నావా" అని. నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఆమె వంగి, "నొప్పిగా ఉందా?" అంది. కాదని తల ఊపాను. "నర్సుని పిలవనా?" అంది. మళ్ళీ కాదన్నాను. చివరికి చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నట్టు చూపిస్తే, "మీకు అప్పుడే ఏమీ పెట్టకూడదన్నారండీ" అంది.

మర్నాడు డాక్టరుగారు వచ్చి చూశారు. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి గొంతు నరం మొద్దుబారుతుందనీ, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుందనీ, కొందరికి పూర్తిగా రాకపోవచ్చనీ చెప్పారు. గట్టిగా మాట్లాడటానికి ప్రయత్నించవద్దన్నారు. ఏలూరు ఆసుపత్రి నుంచి వట్లూరులోని మా ఇంటికి ఆటోలో వస్తుంటే డ్రైవరు వెనక్కి తిరిగి దారి అడిగాడు. చెప్పబోయి ఆగిపోయాను. మా ఆవిడే చెప్పింది.

నేను చేపల మేత తయారుచేసే ఒక కంపెనీలో టెక్నీషియన్ని. పొద్దున్నే బండి తీసి గుండుగొలను మీదుగా కొల్లేరు వైపు చెరువులకు వెళ్తాను. నీళ్ళు పరీక్ష చేస్తాను. వల వేయించి నాలుగు చేపలు తీయించి మొప్పలు చూస్తాను. అదెంతో సేపు పట్టదు. మిగిలిందంతా మాట్లాడటమే. మేత తగ్గించమని చెప్పాలి. తగ్గించనంటే ఎందుకు తగ్గించాలో చెప్పాలి. పక్క చెరువాయన పెంచాడు కదా అంటే ఆ చెరువుకీ ఈ చెరువుకీ తేడా చెప్పాలి. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాడికి గొంతు పోయింది.

సెలవు అయిపోయి పనిలోకి వెళ్ళాక గుసగుసగా మాట్లాడి చూశాను. చెరువు దగ్గర గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతుంటే మామూలు గొంతే వినపడదు, గుసగుస ఎవరికి వినపడుతుంది? ఫోను తీసి వేలితో రాసి చూపించాను. "నీళ్ళు పచ్చబడ్డాయి" అని నేను రాసేలోపు రైతు వాన గురించి మాట్లాడి, తవుడు నాణ్యత గురించి మాట్లాడి, వేరే సంగతిలోకి వెళ్ళిపోయేవాడు. ఇంకొకటి కూడా గమనించాను. గొంతు పోయినవాడికి చెవులు కూడా పోయాయనుకుంటారు జనం. నా మొహంలో మొహం పెట్టి, "మేత! తగ్గించమంటారా!" అని అరిచేవారు.

ఒక సాయంత్రం మా ఆవిడ స్కూలు నుంచి వస్తూ ఏలూరులో మొబైల్ షాపుకి వెళ్ళి ఒక మడత కీబోర్డు తెచ్చింది. ఆమె ప్రైమరీ స్కూలు టీచరు. కీబోర్డు మూసి ఉంటే కళ్ళజోడు పెట్టెలా ఉంది, తెరిస్తే రెండు చేతులూ పడతాయి. వైరు లేదు. బ్లూటూత్‌తో ఫోనుకి కలుస్తుంది.

"మీరు టైపు నేర్చుకున్నారు కదండీ. ఎప్పుడూ వాడలేదు గానీ" అంది.

నిజమే. మాది అత్తిలి దగ్గర పల్లె. డిగ్రీ చదివే రోజుల్లో తాడేపల్లిగూడెంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళేవాణ్ణి. ఉద్యోగం చేపలవైపు వచ్చింది కాబట్టి ఆ విద్య అక్కడే ఆగిపోయింది. కీబోర్డు మీద చేతులు పెట్టగానే వేళ్ళు వాటంతటవే కూర్చున్నాయి. ఇంగ్లీషులో ఒక లైను కొట్టాను. ఒక్క తప్పు లేదు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

అయితే మా రైతులతో ఇంగ్లీషులో ఏం మాట్లాడను? మామూలుగా ఫోను తెర మీద ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు అయిపోయేది. ఈ కీబోర్డు కలిపేసరికి ఆ సదుపాయం పోయింది. ఏది నొక్కితే అదే పడుతోంది. షాపులో అడిగితే ఫోనులో తెలుగు అక్షరాల వరస వేరే పెట్టుకోవాలన్నారు. పెట్టుకున్నాను. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతివైపు, హల్లులు కుడి చేతివైపు. తాడేపల్లిగూడెంలో నేర్చుకున్నది ఒక్కటీ పనికిరాలేదు. మీటల మీదేమో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. మా ఆవిడ బళ్ళో పిల్లల పుస్తకాలకి అంటించే తెల్ల స్టిక్కర్లను చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద తెలుగు అక్షరం రాసి, మీటల మీద అంటించింది. ఒకటో తరగతి పిల్లవాడిలా వాటిని చూసుకుంటూ మొదలుపెట్టాను. కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో మా ఇంట్లో మాటలన్నీ అచ్చుతప్పులతోనే నడిచాయి. ఒకసారి పులుసు బాగుందని కొట్టబోతే పులి బాగుందని పడింది.

కొట్టిన మాటల్ని ఫోను చదివి వినిపించే ఏర్పాటు కూడా పెట్టుకున్నాను. అందులో ఉన్నది ఆడగొంతు. మగగొంతు కోసం వెతికాను గానీ దొరకలేదు. ఫోనుకి చిన్న స్పీకరు ఒకటి కలిపాను, ఏరియేటర్ల చప్పుడులో వినపడాలి కదా.

కొల్లేరు అంచున నేను ఎన్నో ఏళ్ళుగా వెళ్తున్న చెరువు ఒకటుంది. దాని రైతు అరవై దాటిన మనిషి. బాబాయి గారూ అంటాను, ఆయన భార్యని పిన్నిగారూ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఆయన నేను చెప్పినదానికి ఎప్పుడూ ఒక పట్టాన ఒప్పుకోరు, అలాగని నేను రాకపోతే ఊరుకోరు. ఆపరేషన్ తర్వాత కీబోర్డు పట్టుకుని మొదట వెళ్ళింది అక్కడికే. షెడ్డు ముందున్న మేత బస్తాల మీద కీబోర్డు విప్పి, ఫోను నిలబెట్టాను.

"ఏంటండీ ఇది, హార్మోనియమా?" అన్నారాయన.

కొట్టాను. ఫోను చదివింది. "బాబాయి గారూ, నమస్కారం. నీళ్ళు బాగా పచ్చబడ్డాయి. వారం పాటు మేత సగానికి తగ్గించండి."

ఆయన నా వెనక్కి చూశారు. "ఎవరండీ ఆవిడ?"

నన్ను నేను చూపించుకున్నాను.

"మీరా? డాక్టర్లు గొంతు ఇలా మార్చి పంపించారా?"

షెడ్డులోంచి పిన్నిగారు నవ్వారు. "మార్చడమేంటండీ. ఆయన కొడుతుంటే ఫోను చదువుతోంది."

బాబాయి గారు నన్ను వదిలేసి, ఫోను వైపు తిరిగారు. "అమ్మా, సగానికంటే ఎలాగమ్మా? చేప ఎదగొద్దా మరి?"

మళ్ళీ కొట్టాను. నేను కొడుతున్నంతసేపూ ఆయన ఫోను వైపే చూస్తూ కదలకుండా నిలబడ్డారు. ఇదివరకు నా మాట సగంలోనే అందుకునేవారు. ఇప్పుడు వాక్యం పూర్తయితే గానీ శబ్దం రాదు కాబట్టి మధ్యలో అందుకోవడానికి ఏమీ లేదు. మిగిలిన మేతకి నాచు పెరిగి నీళ్ళలో గాలి తగ్గుతుందని ఫోను కారణం చెప్పింది. ఆయన విని, "సరేలేమ్మా" అన్నారు. ఎన్నో ఏళ్ళలో నాతో అంత తేలిగ్గా సరే అన్నది లేదు. తిరుగు దారిలో నవ్వూ వచ్చింది, కాస్త ఉడుకూ వచ్చింది.

ఆ కీబోర్డుకి కొన్ని గుణాలున్నాయి. కాసేపు ముట్టుకోకపోతే నిద్రపోతుంది. మళ్ళీ కొట్టడం మొదలుపెడితే మొదటి అక్షరాలు మింగేస్తుంది. అందుకని మాట మొదలుపెట్టేముందు, గొంతు సవరించుకున్నట్టు, ఖాళీ వదిలే పొడుగు మీట ఒకటికి రెండుసార్లు నొక్కడం అలవాటైంది. ఎండలో తెర కనపడదు, తువ్వాలు కప్పుకుని కొట్టాలి. చర్చికి మాత్రం దాన్ని తీసుకెళ్ళేవాణ్ణి కాదు. ఆరాధనలో ఆ ఆడగొంతు వినిపిస్తే పాస్టరుగారు ఏమీ అనరు గానీ, నాకే బాగోదనిపించింది.

వానాకాలం చివర్లో ముసురు పట్టింది. వరసగా కొన్నాళ్ళు ఎండ మొహం లేదు. అలాంటప్పుడు చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది, అందుకే బాబాయి గారితో మేత మళ్ళీ తగ్గించమన్నాను. తెల్లవారుతూ పిన్నిగారి నుంచి ఫోను వచ్చింది. నేను మాట్లాడలేనని ఆవిడకి తెలుసు.

"మీరేం చెప్పక్కర్లేదండీ, వినండి చాలు. కరెంటు పోయింది. జనరేటరు అందుకోలేదు. చేప తేలిపోయిందండీ. ఆయన గట్టు మీద కూర్చుని లేవట్లేదు. మీరు రండి."

వెళ్ళేసరికి గట్టు నిండా జనం. శీలావతి, బొచ్చె చేపలు తెల్లటి పొట్టలు పైకి తిప్పి, గాలి వాటున ఒక పక్కకి చేరి ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు బాబాయి గారి చుట్టూ నిలబడి తలా ఒక మాట చెబుతున్నారు. ఒకాయన మందు పేరు చెబుతున్నాడు, ఒకాయన తన చెరువులో ఎప్పుడో ఇలాగే జరిగిందంటున్నాడు. ఆయన ఎవరి వైపూ చూడటం లేదు. నేను గట్టు వెంట కాలవ మూల దాకా వెళ్ళి చూసొచ్చి, ఆయన పక్కన కూర్చుని, ఒళ్ళో కీబోర్డు విప్పాను. ఖాళీ మీట నొక్కాను. ఏదో కొట్టి చెరిపేశాను. ఇంకోటి కొట్టి అదీ చెరిపేశాను.

ఆయన నా చేతులు చూస్తున్నారు. "ఇవాళ ఆవిడొద్దండీ. మీరు రాయండి, నేను చదువుకుంటాను" అన్నారు.

పిన్నిగారు వెళ్ళి కళ్ళజోడు తెచ్చి ఇచ్చారు. నేను స్పీకరు ఆపేసి కొట్టాను. "అన్నీ పోలేదు. కాలవ నీళ్ళు పడుతున్న మూల కొన్ని గాలి కోసం తలలు పైకి పెడుతున్నాయి, నేను చూసి వచ్చాను. ముందు వాటి సంగతి చూద్దాం. సాయంత్రం దాకా నేనిక్కడే ఉంటాను."

పెదవులు కదిలిస్తూ చదివారు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"ఉంటారా?"

తల ఊపాను. ఆయన నా భుజం పట్టుకుని లేచారు.

అన్నం వేళ దాకా కీబోర్డుతో ఇంక పని పడలేదు, బండి సైడు బ్యాగులోనే ఉండిపోయింది. పక్క చెరువు నుంచి డీజిలింజను తెచ్చి నీళ్ళు తోడాం. పడవలో వెళ్ళి ఆక్సిజన్ బిళ్ళలు చల్లాం. చచ్చిన చేపల్ని వలతో లాగి, గొయ్యి తీయించి, సున్నం వేసి పూడ్పించాం. చెప్పాల్సినవి చేతులతో చూపిస్తే అందరికీ అర్థమయ్యాయి. ఆలస్యంగా పిన్నిగారు అన్నం పెట్టారు. నేనూ బాబాయి గారూ ఒకే బల్ల మీద కూర్చుని తిన్నాం. చేయి కడుక్కున్నాక ఆయన అడిగారు.

"మేత తగ్గించబట్టి పోయాయంటున్నారండీ వీళ్ళు. నిజం చెప్పండి."

అప్పుడు మళ్ళీ కీబోర్డు తీశాను. మేత వల్ల కాదని, ముసురులో నాచు చచ్చి గాలి పడిపోయిందని, మేత ఎక్కువ వేసి ఉంటే ఇంకా ముందే తేలేవని, జనరేటరు అందుకుని ఉంటే చాలా చేప నిలిచేదని, ఉన్నదున్నట్టు రాశాను. జనరేటరు మాట రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అయినా రాశాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "దాన్ని బాగుచేయించమని ఈవిడ ఎప్పటినుంచో అంటూనే ఉందండీ" అన్నారు. పిన్నిగారు కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మిగిలిన చేప నిలబడింది. చెరువులో చేప పలచబడటంతో ఉన్నవి బాగా ఎదిగాయి. పోయినదంతా తిరిగి రాలేదు గానీ, ఆయన చెరువు వదిలేయలేదు. కొత్త జనరేటరు పెట్టారు.

నా గొంతు చలికాలం వెళ్ళాక మెల్లగా రావడం మొదలైంది. బొంగురుగా, రాపిడి చప్పుడులా వచ్చింది. డాక్టరుగారు ఇంతకంటే బాగుపడకపోవచ్చన్నారు. ఈ గొంతుతో బాబాయి గారి దగ్గరికి వెళ్ళి పలకరిస్తే, ఆయన సంతోషించి, వెంటనే నా మాట సగంలో అందుకుని వాదన మొదలుపెట్టారు. రోజంతా మాట్లాడితే సాయంత్రానికి ఇప్పటికీ గొంతు పడిపోతుంది. అప్పుడు కీబోర్డు తీస్తాను.

ఈ మధ్య భీమడోలు నుంచి రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయనకీ గొంతు ఆపరేషనే. నా సంగతి ఎవరో చెప్పారట. వెంట ఆయన భార్య వచ్చి, "ఈయనకి కోపం ఎక్కువైపోయిందండీ. చెప్పలేక వస్తువులు విసిరేస్తున్నారు" అంది. ఆయన తల దించుకున్నారు. కుర్చీ వేసి, ముందు కీబోర్డు పెట్టి, ఏ అక్షరం ఎక్కడుందో చూపించాను. ఒక్కో మీట వెతుక్కుంటూ ఒంటి వేలితో చాలాసేపు కొట్టారు. మేం ముగ్గురం తొందరపెట్టకుండా కూర్చున్నాం. చివరికి ఫోను గట్టిగా చదివింది.

"ఈ కుర్చీ ఎత్తు చాలట్లేదండీ."

మా ఆవిడ లేచి లోపలి నుంచి దిండు తెచ్చి వేసింది. ఆయన సర్దుకుని కూర్చుని, మళ్ళీ మీటల మీదికి వంగారు.