తల్లి ఏడుపుకు ఈలలు

బుర్రకథలో కథకుడికి కోపం నిషిద్ధం. ఒక పక్క నిలిచిన రాజకీయ వంత లోకం సంగతులెత్తి ఎంత నిలదీసినా, రెండో పక్క నిలిచిన హాస్యవంత ఎంత వెక్కిరించినా, నడుమ తంబురా భుజాన వేసుకున్నవాళ్ళు చిరునవ్వుతో విని కథ అందుకోవాలి. ఈ ఏర్పాటులో ఎంత క్రౌర్యానికి చోటుందో ఇంగ్లండు వెళ్ళాక గాని నాకు తెలిసిరాలేదు.

మా దళంలో ముగ్గురం. కథకురాలు మోపిదేవికి దిగువన, దివిసీమలో ఒక పల్లెటూరి క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి. హాస్యవంత ఆమె సొంత తమ్ముడు. నేను బందరులో తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసి, వాళ్ళకు కథలు కట్టి ఇస్తూ, రాజకీయ వంతగా డక్కీ పుచ్చుకున్నవాణ్ణి.

మేము అక్కడికి పట్టుకెళ్ళింది ఉప్పెన కథ. అందులో పద్యాలూ వచనమూ నావి. తల్లి ఏడుపు మాత్రం నాది కాదు. అది కథకురాలి తల్లి ఏడ్చిన ఏడుపే. డెబ్బయ్యేడు నాటి దివిసీమ ఉప్పెనలో ఆవిడ చంటిపిల్లను చీర కొంగుతో వీపుకు కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని తాటిచెట్టును కరుచుకుంది. నీళ్ళు కొడుకును లాక్కుపోయాయి. నీళ్ళు తీశాక గట్ల వెంట తిరుగుతూ వాణ్ణి పిలిచిన పిలుపు కాలక్రమాన ఒక వరసగా స్థిరపడింది. ఊడ్పుల్లోనూ కోతల్లోనూ ఆవిడ నోట అదే వినిపించేది. వీపున ఉన్న చంటిపిల్ల పెరిగి ఆ వరస నేర్చింది, కథకురాలయింది. "ఏ గట్టు మీదున్నావురా నా అయ్యా" అని ఆమె పై స్థాయికి ఎత్తుకుంటే, గుడివాడ సంతలో బేరాలాడుకునేవాళ్ళు సైతం ఆగి వినడం నేనెరుగుదును. ఆ ఘట్టంలో హాస్యవంత నోరు విప్పరాదని మాలో మేము పెట్టుకున్న కట్టుబాటు.

తమ్ముడు ఉప్పెన తరువాత పుట్టినవాడు.

ఇంగ్లండులో మమ్మల్ని ఒక నిర్వాహకుడు వ్యానులో ఊరూరా తిప్పాడు. అన్నం కుక్కరూ ఆవకాయ జాడీలూ కాళ్ళ దగ్గర, దుప్పట్లలో చుట్టిన డక్కీలు ఒళ్ళో. బడుల ఆవరణల్లోని హాళ్ళలో, శనాదివారాల మధ్యాహ్నాలు, అక్కడి తెలుగువారి ఎదుట ఆట. ఆ చలికి కథకురాలి గొంతు పట్టేసింది. అయినా పాడింది. ఒక ఊళ్ళో ఏడుపు ఘట్టంలో, సరిగ్గా పై స్థాయిలో, గొంతు చీరుకుపోయి వికృతమైన కూత ఒకటి వెలువడింది. తమ్ముడు డక్కీ మీద ఒక దెబ్బ వేశాడు.

"అదేంటక్కా, పిల్లోణ్ణి పిలవమంటే కాకిని పిలిచావు?"

హాలంతా గొల్లుమంది. కథకురాలు నియమం తప్పలేదు. చిరునవ్వు నవ్వి కథ అందుకుంది.

వ్యానెక్కాక ఆమె తమ్ముణ్ణి అడిగింది. "ఆ చోట నోరు విప్పొద్దనుకున్నాం గదరా?"

"నీ గొంతు పోయిందక్కా. పరువు పోకుండా కాసింది నేను. కాళ్ళు మొక్కాలి నాకు."

"అమ్మ పాటరా అది."

"అమ్మ ఇక్కడికొచ్చి వింటదా ఏంటి?"

అది పరిహాసానికి తగిన చోటు కాదయ్యా అన్నాను నేను. వాడు వెనక్కి తిరిగి ఎంతో వినయంగా, "మాస్టారండీ, తమరి పద్యాలప్పుడు జనం తలొంచుకుని ఫోన్లు చూసుకుంటన్నారండి. నా మాటకి అయ్యే ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తన్నారు. ఏది బాగుందో పెద్దోళ్ళు, మీరే చెప్పండి" అన్నాడు. నిర్వాహకుడు స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వాడు.

ఆ వీడియో మాకంటే ముందు తరువాతి ఊరు చేరింది. ఏడుపు మొదలవగానే ముందు వరుసలవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. గొంతు చీరింది, తమ్ముడు కాకి మాట అన్నాడు, ఈలలు పడ్డాయి. ఆ తరువాతి ఊళ్ళో ఆమె ఎత్తుకోకముందే పిల్లలు కావుకావుమన్నారు. తల్లిదండ్రులు వాళ్ళను వారించకపోగా, బాగా కనపడాలని భుజాల మీదికి ఎక్కించుకున్నారు. కరుణకు హాస్యం విరోధి రసమనీ, రెంటినీ ఒకచోట కలపరాదనీ మా గురువుగారు పాఠం చెప్పేవారు. కలిపితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. హాలు నిండుతుంది.

నడుమ కొద్దిరోజులు ఆటలు లేవు. మేము బస చేసిన ఇంటి ఇల్లాలు మిరియాల చారూ పసుపు వేసిన పాలూ ఇచ్చి, మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టి, కథకురాలి గొంతు బాగు చేసింది. తరువాతి ఆటలో ఆమె ఏడుపు ఎత్తుకుంటే ఇన్నేళ్ళుగా వింటున్న నాకే డక్కీ మీద వేళ్ళు ఆగాయి. గట్ల మీద బురద, ఉబ్బిన పశువులు, తల్లి అడుగులు, అన్నీ ఆ ఒక్క చరణంలో కట్టెదుట నిలిచాయి. జనం మాత్రం మర్యాదగా ఎదురుచూశారు. రావలసినది రాలేదు. తమ్ముడి మాటకు ఆధారం లేకపోయింది. చప్పట్లు పలచగా పడ్డాయి.

ఆట ముగియగానే నిర్వాహకుడు వచ్చాడు. "ఏంటమ్మా, ఇవాళ ఆ సౌండ్ రాలేదు?"

"గొంతు బాగైందండీ."

"అయ్యో!" అన్నాడు.

జబ్బుకు అయ్యో అన్నవాళ్ళను నా జీవితంలో ఎందరినో చూశాను. నయమైనందుకు అన్నవాణ్ణి అక్కడే చూశాను.

"రేపటి ఊళ్ళో అందరూ ఆ వీడియో చూసే వస్తున్నారమ్మా. కొంచెం చూసుకోండి. మీకు కష్టమైతే తమ్ముడుగారు పాడతారంటున్నారు."

తమ్ముడు తల వంచుకుని గజ్జెలు విప్పుకుంటున్నాడు.

మర్నాడు వ్యానులో వాడు అక్కకు పాఠం చెప్పాడు. పై స్థాయి అందగానే ఊపిరి బిగబట్టాలి, గొంతు నొక్కి ఒక్కసారిగా వదలాలి. వాడు చేసి చూపాడు, ఆమె చేసింది. "ఇంకొంచెం గరుగ్గా అక్కా. ఆ! అదీ! నిజం కాకులు సిగ్గుపడతాయి" అన్నాడు. ఏ విద్యనైనా శ్రద్ధగా నేర్వడం ఆమెకు అలవాటు. దీన్నీ అలాగే నేర్చింది.

ఎందుకు ఒప్పుకున్నావమ్మా అని పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"తంబురా వాడి చేతికిస్తే పాట మొత్తం ఎకసెక్కమే అవుద్ది మాస్టారూ. నా దగ్గరుంటే ఒక్క చోటే గదా పోయేది. ఇంటికెళ్ళాక మళ్ళీ సరిగ్గా పాడుకుంటా."

మిగిలిన ఊళ్ళన్నిటా ఆ ఒక్క చోటూ పోగొట్టుకుంటూ తిరిగింది. నిర్వాహకుడు విమానాశ్రయంలో శాలువాలు కప్పి, మళ్ళీ రండమ్మా, కాకిని మాత్రం మరవకండి అని సాగనంపాడు.

క్షేమంగా తిరిగి వచ్చినందుకు వాళ్ళ ఊళ్ళో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. నన్నూ పిలిచారు. గుడివాడ నుంచీ మొవ్వ నుంచీ చుట్టాలు దిగారు. షామియానా కింద పాస్టరుగారి ప్రార్థన ముగిసింది. భోజనాలకు లేవబోయేంతలో ముందు వరుస కుర్చీలో ఉన్న ముసలితల్లి కూతురి కొంగు పట్టుకుని, "నా పాట పాడవే" అంది. ఆవిడకు వినికిడి ఏనాడో పోయింది. పాడేవాళ్ళ పెదవులు చూస్తూ తన పాటను తాను అనుకునేది.

కథకురాలు తల మీద కొంగు వేసుకుని తంబురా అందుకుంది. నాతో మెల్లగా, "ఇక్కడ సరిగ్గా పాడతా మాస్టారూ" అంది. తమ్ముడు తల్లి పక్కన కూర్చున్నాడు. ఈ పూట వాడికి డక్కీ లేదు, వేషం లేదు.

మొదటి చరణం మచ్చ లేకుండా సాగింది. పై స్థాయి అందుకోగానే గొంతు చీరి కాకి కూసింది. నేను ఆమె ముఖం చూశాను. అది ఆమె తెప్పించుకున్నది కాదు. వెనక్కి వచ్చి మళ్ళీ ఎత్తుకుంది. సరిగ్గా అక్కడే, తీర్చిదిద్దిన ఆ కూతే, తనంతట తాను వెలువడింది. వెనక వరుసల కుర్రకారు వీడియో చూసినవాళ్ళే. ఈలలు మొదలయ్యాయి. ఇది తమ కోసం ప్రత్యేకంగా చేసిందని మురిసి చుట్టాలంతా విరగబడి నవ్వారు.

ముసలితల్లి వెనక్కి తిరిగి ఆ ముఖాలన్నిటినీ చూసింది. చెవిటివాళ్ళకుండే పెద్ద గొంతుతో నన్ను అడిగింది.

"ఎందుకు నవ్వుతున్నారు? కథ మార్చారా మాస్టారూ? పిల్లోడు దొరికాడా?"

నేను నోరు తెరిచేలోగా కొడుకు ఆవిడ గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని, పెదవులు తెలిసేలా విడదీసి పలికాడు.

"దొరికాడే అమ్మా! లండన్లో దొరికాడు!"

షామియానా మరొకసారి గొల్లుమంది. కథకురాలు అదే చరణం ఇంకొకసారి ఎత్తుకోబోయి ఆగిపోయింది. ముసలావిడ కొడుకు పెదవుల వంకే కాసేపు చూసి, బోసినోరు తెరిచి నవ్వింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"ఏడీ?" అని నవ్వుతున్నవాళ్ళ మధ్య వెతకసాగింది.