అయ్యగారి ప్రసంగం, ఒక్క నొక్కు

ఆ రోజుల్లో, అంటే నేను కాలువల శాఖలో ఉద్యోగం ముగించి బందరులో ఇంటిపట్టున కూర్చున్న కొత్తల్లో, నా వయసు అరవై దాటినా బుద్ధి మాత్రం పదహారు దగ్గరే తచ్చాడుతుండేది. కొత్తగా కంప్యూటరు కొన్నవాడికి లోకంలో పనులన్నీ తప్పుగా జరుగుతున్నాయనీ, తాను రెండు మీటలు నొక్కితే చక్కబడతాయనీ అనిపిస్తుంది. ఈ జబ్బు కుర్రవాళ్లకొస్తే కొన్నాళ్లకి తగ్గుతుంది. రిటైరైనవాళ్లకొస్తే చుట్టాలకి కూడా అంటుకుంటుంది. మా బావకి అంటుకుంది. (మా అక్క భర్త. దివిసీమలో వ్యవసాయం, బందరులో పెత్తనం. తనకి తెలియని సంగతి ఒకటి ఉండవచ్చునని ఆయనకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.)

మా చర్చి సంఘానికి చాలాకాలం కాపరిగా ఉండి కన్నుమూసిన అయ్యగారి భార్యని మేమంతా అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ ఒకరోజు సంచీ నిండా క్యాసెట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అన్నీ అయ్యగారి ఆదివారం ప్రసంగాలు. చూపు మందగించి ఆవిడ గుడివాడలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నారు. "బైబిలు చదువుకోలేకపోతున్నాను నాయనా. ఆయన గొంతు వింటూ కూర్చుంటాను, ఫోనులోకి ఎక్కించి పెట్టు. ఇవి తప్ప ఆయనవి ఇంకెక్కడా లేవు" అన్నారు.

సముద్రపు చెమ్మకి బూజు పట్టిన ఆ క్యాసెట్లని తుడిచి, ఒక్కొక్కటే ఆడించి కంప్యూటరులోకి ఎక్కించాను. ఆ తర్వాత శుభ్రం చేసే పని. వెనక సన్నటి రొద, ఫ్యాను కిర్రు, కాకులు, దగ్గులు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో ఒక్కో చప్పుడునీ వెతికి తీసేస్తూ, తీసేసినవన్నీ డైరీలో రాసుకుంటూ, మొదటి క్యాసెట్టు దగ్గరే వారం గడిపాను. బావ వచ్చి నా వెనక నిలబడి కాసేపు చూశాడు.

"ఏవోయ్ బావమరిదీ, ఒక్కో వరి మొక్కకీ చెంబుతో నీళ్లు పోస్తున్నావేంటి? కాలువల శాఖలో ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నావు? తూము ఎత్తెయ్."

తూమంటే మాక్రో. చేయాల్సిన పనుల్ని వరుసగా ఒకసారి రాసిపెడితే, సాఫ్ట్‌వేరు ఎన్ని ఫైళ్లకైనా తనంతట తానే ఆ వరుస నడిపించేస్తుంది. బావ దాని గురించి ఎక్కడో వీడియో చూశాడు, అందుచేత పండితుడు. వరుసలంటే నాకూ ప్రాణమే కాబట్టి కూర్చుని ముందు డైరీలో రాసి, తర్వాత కంప్యూటరులో కొట్టాను: రొద తీసెయ్, చిన్న చప్పుళ్లు తీసెయ్, నిశ్శబ్దం కనిపిస్తే కత్తిరించు, గొంతు మొదటినుంచి చివరిదాకా ఒకే ఎత్తులో పెట్టు, పాత ఫైలు మీదే భద్రపరుచు. (ఈ ఆఖరి ముక్క బావ సలహా. రెండేసి కాపీలు పెట్టుకోవడం పిరికివాళ్ల లక్షణమట.) ఒక్క నొక్కు నొక్కి అక్క వండిన రొయ్యల ఇగురు తినడానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి అయ్యగారి జీవితకాలపు ప్రసంగాలన్నీ శుభ్రపడిపోయి ఉన్నాయి. ఇంక ఈ చెత్త దేనికంటూ బావ క్యాసెట్ల సంచీ చంకన పెట్టుకుని దివిసీమ బస్సెక్కాడు. చేలో కంకులు పాలు పోసుకుంటున్నాయి. క్యాసెట్టు టేపు లాగి గట్టు నుంచి గట్టుకి కడితే గాలికి రొద చేసి పిట్టల్ని వాలనివ్వదు.

అమ్మగారికి వీడ్కోలుగా ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ప్రసంగం వినిపించాం. రొద లేదు, దగ్గు లేదు, అద్దంలా ఉంది. ఊపిరి కూడా లేదు. బతికి ఉన్నప్పుడు అయ్యగారు ఒక ప్రశ్న అడిగి ఆగేవారు. "నీ పొరుగువాడు ఈ పూట అన్నం తిన్నాడా?" అని మా అందరి మొహాల్లోకీ చూసేవారు. ఆ ఆగినంతసేపూ ఒక్కొక్కరం చెప్పుల కొసలు చూసుకునేవాళ్లం. మా మాక్రో పుణ్యమా అని ఇప్పుడు పొరుగువాడి అన్నం, నీ కోపం, నీ అప్పుడప్పటి ప్రార్థన, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, గిలకలదిండి హార్బరులో చేపల వేలంపాటలా సాగిపోయాయి. తలెత్తి చూశాను. సంఘమంతా పరమానందంగా ఉంది. సంఘ పెద్ద ఒకాయన నా భుజం తట్టి, అయ్యగారు ఇంత చక్కగా మాట్లాడేవారని అప్పట్లో తెలియలేదండీ, అన్నాడు. ఎందుకు తెలుస్తుంది? ప్రశ్న వేసి జవాబు అడగని బోధకుణ్ణి మించిన బోధకుడు ఏ సంఘానికి దొరుకుతాడు? బావ అప్పటికే నమస్కారాలు అందుకుంటున్నాడు.

అమ్మగారు మాత్రం ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి విన్నారు. "ఇది ఆయన కాదు నాయనా. ఆయన ఆగేవారు. ఆగినప్పుడు నేను పెట్టిన గ్లాసెత్తి నీళ్లు తాగి, బల్ల మీద టక్కున పెట్టేవారు. ఆ గ్లాసేది?"

చిన్న చప్పుళ్లు తీసెయ్. నేనే రాశాను, చక్కటి దస్తూరీతో.

పాత ఫైళ్లు లేవు. మర్నాడే బస్సెక్కి బావ చేలోకి వెళ్లాను. ప్రసంగాలన్నీ ఎండకి మెరుస్తూ, హంసలదీవి వైపు నుంచి వచ్చే గాలికి రుమ్మంటున్నాయి. మనుషులు కదలని మాటలకి పిట్టలు బెదిరి లేచిపోతున్నాయి. ఒక మూర విప్పి చూస్తే మెలికలు పడి, పొర లేచి, వేలికి రంగు అంటింది. "పంట బాగా దక్కింది కదోయ్" అన్నాడు బావ. వేలి రంగు తుడుచుకుని తిరుగు బస్సెక్కాను.

అమ్మగారు కోప్పడలేదు. గుడివాడ ప్రయాణం వాయిదా వేసుకుని రోజూ మా ఇంటికి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను ప్రసంగం నడిపిస్తాను, ఆవిడ కళ్లు మూసుకుని వింటారు, చెయ్యెత్తుతారు. "ఇక్కడ ఆగారు." నేను అక్కడ నిశ్శబ్దం అతికిస్తాను. "ఇంకా... ఇంకొంచెం... ఊఁ, ఇప్పుడు." సంచీలోంచి అయ్యగారి స్టీలు గ్లాసు తీసి నా బల్ల మీద పెట్టేవారు, టక్కున. దాన్ని రికార్డు చేసి వేసేవాణ్ణి. ఒకే చప్పుడు అన్ని చోట్లా అతికిస్తే సరిపోతుంది కదా అన్నాను (బుద్ధి ఎక్కడికి పోతుంది). "ఒక్కో ఆదివారం ఒక్కోలా పెట్టేవారు నాయనా" అన్నారావిడ. ప్రతిసారీ కొత్తగానే పెట్టారు.

తీరా ముగిసేసరికి ప్రసంగాలు అసలువాటికన్నా పొడుగయ్యాయి. అయ్యగారు ఎంత ఆగినా అంతసేపు ఆగిన మనిషి కారని నాకు తెలుసు. ఆవిడకి ఇంకా బాగా తెలుసు. మేమిద్దరం ఆ విషయం ఎత్తలేదు. ఫోనులోకి ఎక్కించి ఇస్తే ఆవిడ గుడివాడ వెళ్లారు. సంఘానికి ఇస్తానంటే, ఆ ఆదివారం వినిపించిందే బాగుందన్నారు. వాళ్ల దగ్గర ఇప్పటికీ వేలంపాటే ఉంది.

నా దగ్గర పొడుగుది ఉంది. అప్పుడప్పుడు పెట్టుకుంటాను. పొరుగువాడి అన్నం దగ్గర ఆయన ఆగుతారు, నేను చెప్పుల కొసలు చూసుకుంటాను, ఎప్పటికో గ్లాసు టక్కుమంటుంది. అంతసేపూ నాకు గుర్తొచ్చేది ఆ అరవై ఏళ్ల కుర్రవాడే. మీట నొక్కేసి ఇగురు చల్లారిపోతుందని పరుగెత్తాడు. ఎక్కడికీ వెళ్లే పని లేనివాడికి అంత తొందర దేనికో.