పొరుగు దేశంతో స్నేహం, పక్కన ఒక సీసా

పొరుగు దేశంతో సఖ్యత మీద మా నాయకుడికి ఉపన్యాసం రాసిపెట్టి, దాన్ని సంగారెడ్డి బస్సులో పైకే చదువుకుంటూ వచ్చిన మూర్ఖుణ్ణి నేనే. ఉపన్యాసం ఆయనది, ఆయాసం నాది.

పక్క సీట్లో, ఫ్యాక్టరీ డ్యూటీకి పోతున్న చిట్కుల్ ఊరి ఆమె ఓపిగ్గా వింది, ఎవరి ఉపన్యాసమో అడిగి తెలుసుకుంది.

"పక్క దేశంతోని దోస్తీ మంచిదే సారూ. మా బోరుల పచ్చగొస్తున్న నీళ్ల ముచ్చట ఏ పేజీల ఉన్నది?"

కాగితాలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు.

"ఓట్లప్పుడు మా వాకిట్లకొచ్చి, నెల రోజుల్ల మంచినీళ్లిస్తనన్నడు మీ లీడరు. రెండేండ్లాయె. ఆయన గొంతు ఒక్కసారన్న ఎండాలె, గప్పుడు తెలుస్తది."

సంచిలోంచి సీసా తీసి నా ఒళ్లో పెట్టింది. లోపల నీళ్లు పసుపు కలిపినట్టున్నాయి. ఆమె ఇస్నాపూర్‌లో దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను.

సభలో వేదిక మీద నీళ్లు పెట్టే పని కూడా నాదే. ఆ ఒక్క సీసానే పెట్టాను. మూడో పేజీకి ఆయన గొంతు ఎండింది. సీసా అందుకుని, రంగు చూసి, నావైపు చూశాడు.

"చిట్కుల్ బోరు నీళ్లు సార్," అన్నాను. మైకు కూడా వింది.

ఆయన సీసా కింద పెట్టి మళ్లీ చదవసాగాడు. ఇంకా తొమ్మిది పేజీలున్నాయి. అందులో ఆరు, ఆయన గొంతు ఎండాలని బస్సు దిగాక నేను చేర్చినవి.