నారేపి తాడు

మొన్న పెనుకొండలో మా చిన్నకూతురి ఇంట్లో దూడను నీలంరంగు నైలాను తాడుతో కట్టేసి ఉంటే, మెడ ఒరుసుకుపోతుందేమోనని తడిమి చూశాను. అరవయ్యేళ్ళ కిందట నా చేతులతో నేనే పేనిన నారేపి తాడు గుర్తుకొచ్చి, ఆ పూట అన్నం సయించలేదు.

నేను హిందూపురంలో పుట్టి పెరిగి, నల్లమాడ దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్ళినదాన్ని. మా చేనిగట్టున ఉన్న ఒక్క నారేపి చెట్టు మీద ఆ ఇల్లు నడిచేదంటే మా ఈడువాళ్ళు నమ్ముతారు. దున్నే మడక, బండి ఇరుసు దాని చేవతో చేసినవే. గడ్డి మాడిపోయిన ఎండాకాలంలో మా గొర్రెలు దాని ఆకురొట్ట తినే బతికేవి. చేనిబావి తాడు దాని నారతో పేనిందే. అయితే నారకు ఒక కట్టుబాటుండేది. రొట్టకోసం నరికిన కొమ్మలనుంచే ఒలవాలి, మాను జోలికి పోకూడదు. మా ఆయన అవ్వ ఆ మాట నాకూ చెప్పింది, నేనే చెవిన పెట్టలేదు.

అవ్వ మనవరాలి కాన్పుకని ధర్మవరం వెళ్ళి ఉండగా బావితాడు తెగింది. పట్నంపిల్లకు ఏం చేతనవుతుందని అందరూ నన్ను ఎగతాళి చేసే రోజులవి. అవ్వ వచ్చేలోగా కొత్త తాడు పేని శభాష్ అనిపించుకోవాలని, కొమ్మల నార పొట్టిగా ఉంటుందని, కొడవలి తీసుకుని మాను చుట్టూ పట్టలు పట్టలుగా ఒలిచేశాను. ఎంత పొడుగ్గా వచ్చిందో ఆ నార!

అవ్వ వచ్చి తాడు చూసి మెచ్చుకుంది. సాయంత్రం చేనికి పోయి, చెట్టు చూసి కూలబడింది.

"సుట్టూ ఒలిచినావేమ్మే! ఇంగ ఇది యాడ బతుకుతాది?" అంది, అంతే. తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. పేడా ఎర్రమట్టీ కలిపి మానుకు మెత్తి, తన పాతచీర చుట్టింది.

మరుసటి ఎండాకాలం చెట్టు చిగురు వేయలేదు. వానలు కూడా మొండికేసిన ఏడాది అది. రొట్ట లేక గొర్రెలు ఒకటొకటిగా పడిపోతుంటే, మిగిలినవాటిని మా మామ సంతకు తోలేశాడు. 

నైలాను వచ్చాక నార ఒలిచే పనే లేదు కాబట్టి చెట్లు బతికిపోయి ఉంటాయనుకున్నాను. ఇప్పుడు ఆ వైపు వెళ్ళి నారేపి ఏదంటే చూపించేవాళ్ళే లేరు. పేరు తెలియని చెట్టును కంపతోపాటే కొట్టేస్తున్నారు. అప్పట్లో ఆ చెట్టు ఎండిపోయాక కూడా, నేను పేనిన తాడును అవ్వ పారేయనివ్వలేదు. తెగినచోటల్లా ముడివేసుకుంటూ దాంతోనే నీళ్ళు తోడి, మొదటి కడవ ఆ ఎండిన చెట్టు మొదట్లో పోసి వచ్చేది. ఆ కడవ నాకిమ్మని, నేను పోసి వస్తానని ఒక్కరోజైనా అడగలేకపోయాను.