మొహం తిప్పకముందు

మేడ్చల్ బస్ డిపో దగ్గర బట్టలమ్మే ముసలి సేటు, తన గజంబద్దను గుడ్డ కంటే టీవీకే ఎక్కువ ఆనించేవాడు. దేశ విభజనప్పుడు ఆయనకు ఆరేళ్లు. సింధ్‌లో రైలెక్కే తొక్కిసలాటలో అక్క చెయ్యి జారిపోయింది. అందుకే విభజన మీద ఏ డాక్యుమెంటరీ వచ్చినా వదిలేవాడు కాదు. శరణార్థుల రైలు కనపడగానే లేచి, తలుపు దగ్గర అటు తిరిగి నిలబడ్డ ఒక అమ్మాయిని బద్దతో నాకు చూపించేవాడు.

"గా ఓణీ అంచు మా అమ్మ అద్దిందే. బట్ట జూస్తె నాకు ఎర్కైతది బిడ్డా. మొకం తిప్పుతుండంగనే కట్ జేస్తరు. మీ పని గదే గదా, మిగిలిన రీలు యాడున్నది?"

నేను కొంపల్లిలో అలాంటి డాక్యుమెంటరీలే ఎడిట్ చేస్తాను. ఆ రైలును నేనూ వాడాను. 'లక్షలమంది' అన్న వ్యాఖ్యానం అయిపోగానే, ఆమె తల కదులుతుండగా కత్తిరించాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. పూర్తి రీలు కోసం నెలల తరబడి వెతికి, చివరికి దొరికితే లాప్‌టాప్‌లో దుకాణానికి పట్టుకెళ్లాను.

తెర మీద అమ్మాయి ఇటు తిరిగింది. సేటు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"గీమె మా అక్క గాదు."

నేను ఆపేయబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎనుకకు పో బిడ్డా, జల్దీ. మీరు కట్ జేసేకాడ ఆపు."

ఆపాను. తెర నిండా ఆమె వీపు, ఓణీ అంచు. సేటు బద్దను కింద పడేసి, ఆ అంచును వేళ్లతో పట్టుకోబోయాడు.